గోడౌనులో గోదావరి

కాలువలు కట్టేశాక

ఏటా వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. ఇరిగేషన్ శాఖలో ఓవర్సీరుగా ఉన్నంతకాలం నాకు చేతినిండా పని ఉండే రోజులవి. రిటైరయ్యాక ఆ రోజులు వస్తే ఇంట్లో కాలు నిలవదు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి మా పాలకొల్లు కాలువ గట్టు మీదికి వెళ్ళి వస్తాను. చూడ్డానికి అక్కడ ఏముంటుంది? బీటలు తీసిన బురద, తెగిన చెప్పులు, కొబ్బరి డొక్కలు. అయినా వెళతాను. వచ్చి డైరీలో "కాలువ పొడి" అని రాసుకుంటాను. మర్నాడూ అదే రాస్తాను.

అలాంటి రోజుల్లో రాజమండ్రి నుంచి చలపతిరావు ఫోను చేశాడు. మా ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా నాతోపాటు పనిచేసినవాడు. రిటైరయ్యాక ఆ ఊరి సైన్సు మ్యూజియంలో గోదావరి డెల్టా నమూనా ఒకటి సొంతచేత్తో కట్టాడు. కొండల దగ్గర వదిలిన నీరు ఆనకట్ట దాటి, కాలువల్లోకి చీలి, సముద్రం దాకా నిజంగా పారుతుంది. దాని గురించి ఎన్నోసార్లు చెప్పాడు గానీ నేను వెళ్ళి చూడనేలేదు.

"సోమవారం కమిటీ వస్తోందోయ్. నా డెల్టా తీసేసి ఆ గదిలో కంప్యూటర్లు పెడతారట," అన్నాడు.

"ఎందుకూ?"

"శివారుకి నీళ్ళు చేరడం లేదట. వాలు తప్పట! కాలేజీ కుర్రాడెవడో రాసిచ్చాడు. ఇన్నేళ్ళు లెవెళ్ళు గీసిన నాకు వాలు తెలీదా? మోటారు కాలిపోయింది, అదీ సంగతి. నువ్వు రా. నా మాటకి ఇంకొకడు సాక్షి కావాలి."

శివారు అంటే కాలువ చిట్టచివర. అక్కడి రైతుకి నీరు అందిందా లేదా అన్నదే డెల్టాలో ప్రతి ఓవర్సీరుకీ పరీక్ష. ఆ మాట వినగానే నాకు కూర్చోబుద్ధి కాలేదు. సంచి సర్దుతుంటే మా ఆవిడ సత్యవతి వచ్చి నిలబడింది.

"రాజమండ్రేగా? నేనూ వస్తాను. గోదారి చూసి ఎన్నాళ్ళయిందో."

"నేను వెళ్ళేది మ్యూజియానికి."

"మీరు మ్యూజియం చూసుకోండి. నేను గోదారి చూసుకుంటాను."

వంతెన మీద

పాసింజరు బండి నిడదవోలులో చాలాసేపు ఆగింది. నేను మూడుసార్లు దిగి ఎక్కాను. "బండి వెళ్ళిపోతే మీరు నడిచి రండి, సంచి మాత్రం నాకిచ్చెయ్యండి," అంది సత్యవతి. ఎదురు బల్ల మీద మామిడికాయల గంపతో ఒకావిడ ఎక్కింది. ఆవకాయ కాయలు, వంద కాయలకి యాభై రూపాయలని చెప్పింది. మా వైపు నలభైకే దొరుకుతాయని నేనంటే, "మీ వైపు కాయకి పులుపు చాలదండి, అందుకే చవక," అని నా నోరు మూయించింది.

కొవ్వూరు దాటి బండి కొత్త ఆర్చి వంతెన ఎక్కగానే పెట్టెలో అందరి చేతులూ జేబుల్లోకీ కొంగుముడుల్లోకీ వెళ్ళాయి. గోదావరి దాటేటప్పుడు నాణెం వేయని మనిషి మా జిల్లాల్లో అరుదు. గంప ఆవిడ ఇరవై పైసల బిళ్ళ వేసింది. సత్యవతి రూపాయి వేసి దణ్ణం పెట్టింది. నేను మాత్రం కిటికీలోంచి నీటి మట్టం చూస్తున్నాను.

"మీరెయ్యరేంటండీ బాబుగారూ?" అంది గంప ఆవిడ.

"ఆయన గవర్నమెంటు నీళ్ళు చూసిన మనిషమ్మా. గోదారిని క్యూసెక్కుల్లోనే నమ్ముతారు," అంది మా ఆవిడ.

పెట్టెలో నవ్వారు. నేనూ నవ్వాను. పెళ్ళయిన కొత్తలోనే ఈ విషయం మీద మేం వాదించుకున్నాం. ఆవిడ మానలేదు, నేను మొదలుపెట్టలేదు.

పొగాకు వాసన

మ్యూజియం ఒకప్పటి పొగాకు గోడౌను. ఇప్పటికీ వానాకాలంలో గోడల్లోంచి ఆ వాసన వస్తుందట. టికెట్టు రెండు రూపాయలు. చలపతి గేటు దగ్గరే కాచుకుని ఉన్నాడు. మనిషి చిక్కాడు. చొక్కా మీద సిమెంటు మరకలు.

మ్యూజియం చూసుకునే రాజ్యలక్ష్మి గారు ఒకప్పుడు ఫిజిక్సు లెక్చరరు. మాకు దాని చరిత్ర ఆవిడే చెప్పారు. పుష్కరాలకి వచ్చిన జనానికి సైన్సు సంగతులు నాలుగు చెప్పాలని కొందరు అధ్యాపకులు రేవు దగ్గర ఒక షామియానా వేశారట. ఒక టెలిస్కోపు, ఒక అస్థిపంజరం, సీసాల్లో పాములు. స్నానం చేసి తడిబట్టలతో వచ్చినవాళ్ళు చంద్రుణ్ణి చూసేందుకు బారులు తీరారట. పుష్కరాలైపోయాక సామాను ఎక్కడ పెట్టాలో తెలియక ఒక వ్యాపారి గోడౌను అడిగి తీసుకున్నారు. "తాత్కాలికంగా అన్నామండి. అప్పట్నుంచీ తాత్కాలికంగానే ఉన్నాం," అని నవ్వారు ఆవిడ.

చూడవలసినవి చాలానే ఉన్నాయి. హ్యాండిలు తిప్పితే బల్బు వెలిగే డైనమో ఉంది. నేను తిప్పితే మిణుకుమంది, సత్యవతి తిప్పితే భగ్గుమంది. మనిషిని పొట్టిగా, పొడుగ్గా చూపించే అద్దాలున్నాయి. మా ఊరి గుడి తీర్థంలో ఇవే అద్దాలకి అర్ధ రూపాయి పుచ్చుకుంటారు, ఎందుకు అలా కనిపిస్తామో మాత్రం చెప్పరు. ఇక్కడ గోడ మీద బొమ్మ గీసి చెప్పారు. ఒక కప్పీతో ముసలివాడు కూడా బియ్యం బస్తా ఎత్తవచ్చు. సముద్రంలో గ్యాసు తవ్వే రిగ్గు నమూనా, తుపాను కన్ను ఎలా తిరుగుతుందో చూపే తొట్టి, పెరట్లో ఎండగడియారం. అస్థిపంజరానికి ఎవరో బొట్టు పెట్టారు. రోజూ తుడుస్తున్నారట, రోజూ ఎవరో పెడుతున్నారట.

ఇవన్నీ నేను నిలబడి చూడలేదు. నా మనసు చివరి గదిలో ఉంది.

ఆ గదంతా డెల్టాయే. ఒక గోడకి ఆనుకుని పాపికొండలు, వాటి వెనక ఎత్తున ఇత్తడి తొట్టి. అక్కణ్ణుంచి నది దిగివచ్చి రాజమండ్రి వంతెన కింద వెడల్పవుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట, రేకుతో చేసిన తలుపులు, తూర్పు కాలువలు, కోనసీమ కాలువలు, మా పశ్చిమ కాలువలు. రెండో గోడ దగ్గర నీలం రంగు వేసిన సముద్రం. సముద్రంలోకి చేరిన నీటిని మోటారు మళ్ళీ కొండల మీది తొట్టిలోకి తోడాలి. ఇప్పుడు అన్నీ ఎండిపోయి ఉన్నాయి, మా ఊళ్ళో లాగే.

"మన ఊరెక్కడండీ?" అంది సత్యవతి.

నరసాపురం కాలువ పక్కన గోరంత చోటు చూపించాను.

"ఇంతేనా!"

గది ద్వారం పక్కన పెద్ద బోర్డు ఉంది: "నమూనాలో నాణేలు వేయరాదు." నేను దాన్ని చదివి తల తిప్పేలోపల 'టప్' మన్న చప్పుడు. మా ఆవిడ వంతెన మీదుగా రూపాయి వేసి కళ్ళు మూసుకుని ఉంది.

చలపతి ముఖం కందగడ్డ అయింది. "చెల్లెమ్మా, నువ్వు కూడానా!"

"గోదారి కదా అన్నయ్యగారూ."

"గోదారి కాదమ్మా, సిమెంటు! నీళ్ళు కూడా లేవు!"

"నీళ్ళు లేకపోతే గోదారి కాకుండా పోతుందా?"

అప్పుడు తెలిసింది మోటారు కథ. బజారులో ఎవరూ పుచ్చుకోని పది పైసల, ఇరవై పైసల అల్యూమినియం బిళ్ళలన్నీ జనం ఇక్కడ వేస్తున్నారు. అవి ఆకుల్లా తేలికగా ప్రవాహంలో కొట్టుకుపోయి మోటారు గొట్టం మూతికి అతుక్కుంటున్నాయి. బోర్డు పెట్టాడు, తాడు కట్టాడు, ఒకసారి ఒక పెద్దమనిషిని కసిరాడు కూడా. ఆగలేదు. పోయిన వారం మోటారు కాలింది. మళ్ళీ తీగ చుట్టి ఇవ్వడానికి గురువారం అవుతుందన్నారు. కమిటీ సోమవారం వస్తుంది.

"నదంటే లెవెలూ, వాలూ, కొలతా అని జనానికి చెబుదామని కట్టానురా ఇది," అన్నాడు గొంతు తగ్గించి. "వాళ్ళు దీన్ని కూడా గుడి చేసేశారు."

కడియంలో మోటారు

మర్నాడు ఆదివారం. పెసరట్టు, ఉప్మా తిని (ప్లేటు ఎనిమిది రూపాయలు, అల్లప్పచ్చడి అడిగినంత) నేనూ చలపతీ బస్సెక్కి కడియం వెళ్ళాం. అక్కడి నర్సరీలో అతనికి తెలిసిన సత్తిబాబు దగ్గర మొక్కలు తడిపే చిన్న మోటార్లున్నాయి.

కడియం నర్సరీలు నేను చాలాసార్లు దాటాను గానీ దిగి నడవడం అదే మొదలు. ఎకరాల కొద్దీ పాలిథీన్ సంచుల్లో మొక్కలు. కాలువలు కట్టేసినా ఇక్కడ బోర్లు ఆగవు. ఎండలో పొడిగా ఉన్న దేశంలోంచి తడిసిన నేల వాసనలోకి వచ్చేసరికి ప్రాణం లేచివచ్చింది. రోడ్డు మీద బీహారు లారీ ఒకటి మామిడి అంట్లు నింపుకుంటోంది. ఆ డ్రైవరు చెట్టు కింద రొట్టెలు కాల్చుకుంటూ, మా చేతిలో ఏమీ లేకపోవడం చూసి ఒకటి అందించాడు. భాష తెలియక తల ఊపి తీసుకున్నాను. ఉప్పు తక్కువ, రుచి ఎక్కువ.

సత్తిబాబు మోటారు ఇచ్చేముందు చలపతిని కాసేపు ఆడించాడు.

"ఏంటండీ చలపతిరావు గారూ, గోదారి ఎండిపోయిందంట కదా!"

"మోటారు ఇస్తావా, ఇవ్వవా?"

"ఇస్తానండి ఆయ్. గోదారికి మోటారిచ్చిన వాణ్ణని మా పిల్లలకి చెప్పుకోవద్దండీ?" అద్దె మాట ఎత్తనివ్వలేదు. పైగా నందివర్ధనం మొక్క ఒకటి సంచీలో పెట్టి, "అమ్మగారికివ్వండి," అన్నాడు.

మధ్యాహ్నం మోటారు బిగించాం. చిన్న మోటారే అన్నాడు గానీ అది అరెకరం నర్సరీని తడిపేది. స్విచ్చి వేయగానే పాపికొండల మీది తొట్టి పొంగింది. ఆనకట్ట మీదుగా నీరు దూకింది. మేం "ఆపు, ఆపు" అనేలోపల కోనసీమ మొత్తం మునిగింది. చలపతి చెప్పులతో సహా అమలాపురంలోకి దిగి కాళ్ళతో నీరు తోశాడు.

"అన్నయ్యగారూ, అమలాపురం తొక్కేస్తున్నారు!" అని సత్యవతి పైట నోటికి అడ్డం పెట్టుకుంది. రాజ్యలక్ష్మి గారు నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయారు.

గొట్టానికి కవాటం పెట్టి నీటిని తగ్గించాం. అప్పుడు తూర్పు కాలువలు చక్కగా పారాయి, కోనసీమ పారింది. మా పశ్చిమ కాలువలో మాత్రం నీరు తలుపు దాటగానే నీరసించింది. చలపతి ముఖం చూడలేకపోయాను. కాలేజీ కుర్రాడు రాసింది నిజమేనా? నేను వంగి రేకు తలుపు ఎత్తాను. దాని వెనక అల్యూమినియం బిళ్ళలు చేప పొలుసుల్లా పేర్చుకుని ఉన్నాయి. వాటిని ఏరి దోసిళ్ళతో తీస్తుంటే గది మూసే వేళయింది. శివారుకి నీరు చేరుతుందో లేదో చూడకుండానే తలుపు వేసేయాల్సి వచ్చింది.

రేవు దాకా నడిచాం. ఒక బండి దగ్గర సత్యవతికి రోజ్ మిల్కు ఇప్పించాను, అయిదు రూపాయలు. పాలకొల్లులో ఆ డబ్బుకి రెండు సోడాలు వస్తాయి. చలపతి తాగలేదు. "వాలు కరెక్టేరా," అన్నాడు. కాసేపటికి మళ్ళీ అదే మాట అన్నాడు. కరెక్టేనని నేనన్నాను గానీ, నా కళ్ళతో చూడని లెవెలుకి సంతకం పెట్టినట్టుగా ఉండి, మనసు కుదుటపడలేదు.

సోమవారం

పొద్దున్నే మ్యూజియం పెరట్లో ఒక యాత్ర బస్సు ఆగి ఉంది. అన్నవరంలో వ్రతం చేసుకుని తణుకు వైపు తిరిగి వెళుతున్న వాళ్ళు. నీడా, కుళాయీ ఉన్నాయని ఇలాంటి బస్సులు తరచూ ఇక్కడ ఆగుతాయట. ఆడవాళ్ళు గాడిపొయ్యి తవ్వి వంట మొదలుపెట్టారు. సత్యవతి అప్పటికే వాళ్ళలో కలిసిపోయి వంకాయలు తరుగుతోంది.

కమిటీ వాళ్ళు వచ్చారు. పెద్దాయన ఒక అధికారి, తెల్ల చొక్కా, మితభాషి. ఆయన వెనక ఆ కాలేజీ లెక్చరరు. చలపతి చేతులు తుడుచుకుని స్విచ్చి వేశాడు. మోటారు మూలిగింది. తొట్టి సగం నిండింది. కరెంటు పోయింది.

వేసవి కోత. ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. అధికారి గడియారం చూసుకున్నారు.

"ప్రతిసారీ ఇంతే సార్," అన్నాడు లెక్చరరు, మర్యాదగానే. "కరెంటు ఉన్నా శివారుకి చేరదు. గ్రేడియెంటులోనే లోపం ఉంది."

చలపతి స్విచ్చిని ఊరికే పైకీ కిందికీ నొక్కుతున్నాడు. నేనే అందుకున్నాను. "అయ్యా, కాలువలకి మోటారుతో పనేముందండి?" అన్నాను. "మోటారు కావలసింది నీటిని మళ్ళీ పైకెక్కించడానికి. పైన నీళ్ళుంటే కిందికి వాలే తీసుకుపోతుంది. నిజం గోదావరికి మోటారు ఎక్కడుంది?"

"పైన నీళ్ళు ఎవరు పోస్తారండీ?" అన్నారు అధికారి.

నా వెనక సత్యవతి కొంగు దోపుకుంటోంది. "ఏవమ్మా, బిందెలు ఖాళీయేనా?" అని పెరట్లోకి కేకేసింది.

వంటకి తెచ్చుకున్న బిందెలన్నీ లేచాయి. కుళాయి నుంచి పెరడు దాటి, డైనమో పక్కగా, బొట్టు పెట్టుకున్న అస్థిపంజరం ముందు నుంచి, పాపికొండల దాకా ఆడవాళ్ళు ఒక వరస కట్టారు. బిందె చేతులు మారుతూ వచ్చి తొట్టిలో ఖాళీ అయింది. ఒకావిడ బిందె కళ్ళకద్దుకుని అందించింది. ఇంకొకావిడ "గోదారమ్మా" అంది. చలపతి తొట్టి పక్కనే నిలబడి ఒక్కొక్క బిందె అందుకుని వంచుతున్నాడు, కసిరే మాట మరిచిపోయి.

నీరు దిగింది. వంతెన కిందికి వచ్చింది, ఆనకట్ట దగ్గర ఆగి నిండింది. నేను పశ్చిమ కాలువ తలుపు ఎత్తి, నీటి మొన వెంట వంగి నడిచాను. ఉద్యోగంలో కాలువలు వదిలిన రోజున గట్టు వెంట ఇలాగే నడిచేవాణ్ణి. మొన ఒకచోట ఆగింది. నేనూ ఆగాను. వెనక నుంచి ఇంకో బిందె వచ్చి తోసింది. కదిలింది. అప్పటికి నేను ఒంటరిగా లేను. అధికారి కూడా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, నాతోపాటు వంగి నడుస్తున్నారు.

"వచ్చింది! మన ఊరొచ్చింది!" అని అరిచింది సత్యవతి.

నీరు మా ఊరి గోరంత చోటు దాటి, నరసాపురం దాటి, చివరి పిల్లకాలువలోంచి సన్నని దారంలా సముద్రంలోకి జారింది. లెక్చరరు వంగి వేలితో ముట్టుకుని చూశాడు. "చేరింది సార్," అన్నాడు. ఆ మాట మెచ్చుకోవాలి. తలుపు పక్కన మేం పోగుపెట్టిన బిళ్ళలు చూసి, చలపతి వైపు తిరిగి, "తలుపులో అడ్డు చూడలేదండి నేను. రాసింది నేనే మారుస్తాను," అన్నాడు.

అధికారి ఆ చివరి చోటు నుంచి కదల్లేదు. "మాది శివారు భూమేనండి," అన్నారు చివరికి. "కాలువలు వదిలాక నీళ్ళొచ్చాయేమో చూడమని నాన్నగారు నన్ను గట్టు మీద కూర్చోబెట్టేవారు. వచ్చిన ఏడూ ఉంది, రాని ఏడూ ఉంది." జేబురుమాలుతో చేతులు తుడుచుకుని రాజ్యలక్ష్మి గారితో, "కంప్యూటర్లు మేడ మీద పెట్టుకోవచ్చండి. ఇది మేడెక్కదుగా," అన్నారు.

యాత్ర వాళ్ళ భోజనాల్లో మమ్మల్నీ కూర్చోబెట్టారు. గుత్తి వంకాయ, పప్పుచారు, ఆ పైన అన్నవరం ప్రసాదం. చలపతి ఆకు ముందు నుంచి మధ్యలో లేచి ఎటో పోయాడు. వెళ్ళి చూస్తే, పక్కనే ఉన్న రాజ్యలక్ష్మి గారింట్లోంచి వంటింటి జల్లెడ తెచ్చి, నమూనాలో వంతెన కింద సరిగ్గా నాణేలు పడేచోట బిగిస్తున్నాడు. బోర్డు గోడ మూల బోర్లించి ఉంది.

"ఏంటన్నయ్యగారూ, బోర్డు తీసేశారూ?" అంది సత్యవతి.

"దానికి నీళ్ళు మోసింది మీరేగా," అన్నాడు తలెత్తకుండా. "ఇందులో వెయ్యండి. కాలువలోకి మాత్రం పోనివ్వకండి."

తిరుగు బండి

సాయంత్రం బండిలో కిటికీ పక్క చోటు దొరికింది. నందివర్ధనం మొక్క సత్యవతి ఒళ్ళో ఉంది. బండి వంతెన ఎక్కింది. పెట్టెలో చేతులు కదిలాయి, కిటికీల్లోంచి నాణేలు మెరిసి పోయాయి. ఆవిడ మాత్రం మొక్క ఆకుల మీది దుమ్ము తుడుస్తూ కూర్చుంది.

"వెయ్యలేదేం?" అన్నాను.

"అక్కడ వేశానుగా," అంది. "బిందెలు కూడా పోశాను. ఇంకెన్నిసార్లు?"

నా చెయ్యి చొక్కా జేబులోకి వెళ్ళింది. రూపాయి తగిలింది. నదికి నాణెం ఎందుకన్న నా పాత ప్రశ్నకి జవాబు ఇంకా దొరకలేదు. కానీ పొద్దున్న ఆగిన నీటి మొనని వెనక నుంచి తోసిన బిందె గుర్తొచ్చింది. వేద్దామా, వద్దా అని నేను తేల్చుకునేలోపల ఆర్చీలు ఒక్కొక్కటీ వెనక్కి పోయాయి, వంతెన అయిపోయింది, కొవ్వూరు వచ్చేసింది.

ఇంటికి వచ్చిన మర్నాడు మళ్ళీ గట్టు మీదికి వెళ్ళాను. కాలువ పొడి. ఆ రూపాయి ఇంకా చొక్కా జేబులోనే ఉంది. జూన్‌లో నీళ్ళు వదులుతారు.